131 కిలోల మనిషికి ఏ పథ్యం?



చాలా ఏళ్లు ఆస్పత్రుల్లో రోగులకు పథ్యాలు రాసినదాన్ని నేను. ఈ ప్రసంగాన్ని ఒక కాటాతో మొదలుపెడతాను.

నేను పనిచేసిన ఒకచోట ఓపీ గది గుమ్మం పక్కన బరువు చూసే మిషను ఉండేది. పాతకాలపుది, ముల్లు తిరిగేది. 120 కిలోల దాకా తిరుగుతుంది, ఆపైన ఆగిపోతుంది. ఒక సోమవారం పొద్దున నలభై ఏళ్ల ఆవిడ ఒకరు వచ్చి దాని మీద నిలబడ్డారు. ముల్లు చివరికంటా పోయి టక్కున ఆగింది. నర్సు చీటీ మీద "120 పైన" అని రాసి తరవాతివాళ్లని పిలిచింది. పైన అంటే ఎంత పైన? పథ్యం రాయాలంటే నాకు అంకె కావాలి. వెనక వీధిలో బియ్యం హోల్‌సేలు కొట్టు ఉంది, అక్కడ బస్తాలు తూచే కాటా ఉంది, తూయించుకు రమ్మన్నారెవరో. ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్లారు. అరగంటలో వచ్చి కొట్టువాళ్లు రాసిచ్చిన కాగితం ముక్క నా బల్ల మీద పెట్టారు. 134 కిలోలు. "పాతిక కేజీల బస్తాలు అయిదు, పైన ఇంకో తొమ్మిది కేజీలట మేడమ్. అక్కడి కుర్రాళ్లు లెక్కేసి చెప్పారు" అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

ఆ తప్పులో నాకూ వాటా ఉంది. వద్దని నేనూ అడ్డుపడలేదు.

ఆవిడ ఎత్తు 160 సెంటీమీటర్లు. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు, మీలో చాలామంది వినే ఉంటారు. ఆవిడది 52. ప్రపంచవ్యాప్తంగా 40 దాటితే తీవ్ర ఊబకాయం అంటారు. మన భారతీయుల శరీరాల్లో పొట్ట చుట్టూ కొవ్వు తొందరగా చేరుతుంది, షుగరు తొందరగా వస్తుంది, కాబట్టి మనకి 25 దాటగానే ఊబకాయం కింద లెక్క వెయ్యాలని మన వైద్యులు నిర్ణయించుకున్నారు. ఈవేళ నేను మాట్లాడేది పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలనుకునేవాళ్ల గురించి కాదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, బస్సులో ఇద్దరి సీటు, మోకాళ్లు, షుగరు, బీపీ అన్నీ కలిసి మీద పడ్డవాళ్ల గురించి.

కుర్చీలో కూర్చుని కాస్త ఊపిరి తీసుకున్నాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అన్నం మానెయ్యమంటారా మేడమ్, నూనె మానెయ్యమంటారా? మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి."

అత్తగారిది ఉప్పూ నూనే లేని వంటల పార్టీ. మరిదిది అన్నం ముట్టకుండా నెయ్యీ కొబ్బరినూనే తీసుకునే పార్టీ. తెలుగువాళ్లకి ఈ రెండు పార్టీలూ కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారం గురించి ఏళ్ల తరబడి టీవీల్లో చెబుతూ వచ్చారు. 2017, 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి ఊరూరా పాకింది. అన్నం, రొట్టె, ఇడ్లీ పక్కన పెట్టి కొవ్వుని ఆధారం చేసుకోవడం అందులో ముఖ్యం. ఆ రోజుల్లో పెళ్లి భోజనాల్లో కొందరు విస్తరి ముందు కూర్చుని, అన్నం గరిట రాగానే చెయ్యి అడ్డం పెట్టి, నెయ్యి గిన్నె మాత్రం దగ్గరకి లాక్కోవడం నేను కళ్లారా చూశాను. వడ్డించేవాడి మొహం చూడాలి!

ఈ తగువు మన ఊళ్లలో పుట్టింది కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే పెద్దమనిషి, అంత్యక్రియల ఏర్పాట్లు చూడటం ఆయన వృత్తి, రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మానేసి తగ్గానని ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అది ఎంత ప్రచారమైందంటే స్వీడన్‌లో ఈనాటికీ పథ్యం చెయ్యడాన్ని ఆయన పేరుతోనే 'బాంటా' అంటారు. 1972లో అమెరికాలో డాక్టర్ రాబర్ట్ అట్కిన్స్ మళ్లీ అదే పాట ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు: గుడ్లు, మాంసం, వెన్న తినండి, పిండిపదార్థాలు మానండి. అమెరికా డాక్టర్లు చాలామంది ఆయన మీద విరుచుకుపడ్డారు. వాళ్ల సిద్ధాంతం కొవ్వు తగ్గించమని. ముప్పయ్యేళ్లు రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. ఎవరిది నిజమో ఎదురెదురుగా నిలబెట్టి తూచినవాళ్లు మాత్రం దాదాపు లేరు. తూచిన ఫలితం బయటికొచ్చేసరికి అట్కిన్స్ లేడు. 2003 ఏప్రిల్‌లో న్యూయార్కులో మంచు మీద జారిపడి తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. మరుసటి నెలలోనే ఆ తూకం ఫలితం అచ్చయింది.

ఆ తూకం గురించి కొంచెం వివరంగా చెబుతాను. మన ఆవిడలాంటి వాళ్ల మీదే చేశారు దాన్ని.

ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికుల ఆస్పత్రి ఒకటి ఉంది. అక్కడి డాక్టర్లు 132 మందిని తీసుకున్నారు. సగటు బీఎంఐ 43. సగటు బరువు 131 కిలోలు. చాలామందికి షుగరో, షుగరుకి ముందు మెట్టో ఉంది. చీట్లు తీసినట్టు రెండు జట్లు చేశారు. 64 మందికి రోజుకి 30 గ్రాములకి మించి పిండిపదార్థం వద్దన్నారు, కొవ్వుకి హద్దు పెట్టలేదు. తక్కిన 68 మందికి కొవ్వు తగ్గించి, రోజూ తినేదాంట్లో 500 కేలరీలు కోసుకోమన్నారు.

30 గ్రాముల పిండిపదార్థం అంటే ఎంతో మీ వంటింట్లో చూసుకోండి. వండిన అన్నం వంద గ్రాముల్లో దాదాపు 28 గ్రాములుంటుంది. అంటే చిన్న గరిటెడు అన్నంతో రోజు కోటా అయిపోయింది. లేదా ఒక మోస్తరు అరటిపండు. ఆపైన కాఫీలో చక్కెర కూడా అప్పే.

ఆరు నెలలకి అన్నం మానేసిన పార్టీ, అదే పిండి తగ్గించిన పార్టీ, సగటున 5.8 కిలోలు తగ్గింది. కొవ్వు తగ్గించిన పార్టీ 1.9 కిలోలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు కూడా మొదటి జట్టులో బాగా పడిపోయాయి. అట్కిన్స్ బతికుంటే పండగ చేసుకునేవాడు. పత్రికలవాళ్లు ఆయన బదులు చేశారు.

అయితే ఆ తూకంలో పతాకశీర్షికలకి ఎక్కని సంగతులు మూడున్నాయి. ఆరు నెలలు పూర్తయ్యేసరికి 132 మందిలో మిగిలింది 79 మందే. కొవ్వు తగ్గించిన జట్టులో దాదాపు సగం, పిండి తగ్గించిన జట్టులో మూడో వంతు మధ్యలో మానేశారు. ఇక మిగిలినవాళ్లు నిజంగా ఏం తిన్నారో అడిగితే, 30 గ్రాములన్న జట్టువాళ్లు దాదాపు 150 గ్రాముల పిండిపదార్థం తింటున్నారని తేలింది. అంటే చెప్పినదానికి అయిదింతలు! మనం ఏకాదశి ఉపవాసమని చెప్పి ఉప్మా, పండ్లు, పాలకోవా లాగించినట్టు. పథ్యం కాగితం మీద ఒకటి, కంచంలో ఒకటి. నేను రాసిన పథ్యాల సంగతీ ఇంతేనని నాకు తెలుసు.

మూడో సంగతి ఏడాది తరవాత బయటపడింది. అదే మనుషుల్ని మళ్లీ తూచారు. పిండి తగ్గించినవాళ్లు 5.1 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్లు 3.1 కిలోలు తగ్గి ఉన్నారు. ఆ రెండు కిలోల తేడా గణాంకాల లెక్కలో తేడా కిందే రాదు. మొదటి జట్టు ఆగిపోయింది, రెండో జట్టు మెల్లగా నడిచి దగ్గరకొచ్చింది.

ఇప్పుడు ఆ అంకెల్ని 131 పక్కన పెట్టి చూడండి. 131 కిలోల మనిషి ఏడాది తపస్సు చేస్తే 126 అవుతాడు. షుగరు, బీపీ కాస్త మెరుగవుతాయి, అది చిన్న లాభం కాదు. కానీ జాకెట్టు కొలత కూడా మారదు. చుట్టాలెవరూ "తగ్గావే" అనరు. ఏ పార్టీ గెలిచిందన్న గొడవలో పడి, రెండు పార్టీలూ ఈ మనిషికి ఎంత తక్కువ ఇచ్చాయో ఎవరూ మాట్లాడలేదు. నాకు ఈ తూకంలో తలకెక్కింది అదే.

పోనీ పెద్దగా చేస్తే తేడా తెలుస్తుందేమో అని 2018లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందితో ఏడాది పాటు చేసిన పరీక్ష ఫలితం అచ్చువేశారు. ఎవరి జన్యువులకి ఏ పథ్యం సరిపడుతుందో కూడా ముందే పరీక్ష చేశారు. కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. సమానమే అన్నమాట. జన్యువుల జోస్యం పనిచెయ్యలేదు. కానీ ఒక్కో జట్టు లోపల చూస్తే పాతిక కిలోలకి పైగా తగ్గినవాళ్లున్నారు, తగ్గకపోగా ఏడెనిమిది కిలోలు పెరిగినవాళ్లూ ఉన్నారు. పథ్యానికీ పథ్యానికీ మధ్య తేడా ముప్పావు కిలో. మనిషికీ మనిషికీ మధ్య తేడా ముప్పై కిలోలు.

ఇక పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగుకల్లా తినడం ముగించే పద్ధతి ఉంది కదా, ఈమధ్య అందరి నోటా అదే. చైనాలో గ్వాంగ్‌ఝౌ నగరంలో 139 మంది ఊబకాయులకి ఒకే కేలరీలు ఇచ్చి, సగం మందికి ఆ గంటల నియమం కూడా పెట్టారు. ఏడాదికి 8 కిలోలు, 6.3 కిలోలు. అక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. గడియారం చూసి తినడం కొందరికి అడ్డుకట్టగా పనికొస్తుంది. రాత్రి తొమ్మిది తరవాత ఫ్రిజ్ తలుపు తియ్యని ఇంట్లో కొన్ని కేలరీలు వాటంతటవే తగ్గుతాయి. అంతకుమించి దాంట్లో మహిమ లేదు.

చిరుధాన్యాల మాటా అంతే. కొర్రలు, సామలు, జొన్నలు, రాగులు మంచివే, పీచు ఎక్కువ, షుగరు నింపాదిగా పెరుగుతుంది. అయితే వాటిలోనూ మూడింట రెండొంతులు పిండే. రెండు పెద్ద రాగిముద్దలు తిని అన్నం మానేశానంటే కాటాకి అర్థం కాదు.

మళ్లీ మన ఆవిడ దగ్గరికి వస్తాను. "నేను తినేది చాలా తక్కువ మేడమ్, గాలి పీల్చినా ఒళ్లొచ్చే శరీరం" అన్నారు. ఈ మాట అనని రోగిని నేను చూడలేదు. పాత రోజుల్లో అయితే మనసులో 'అబద్ధం' అనుకునేదాన్ని. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో, న్యూయార్కులో అచ్చంగా ఇదే మాట అన్న పదిమందిని కూర్చోబెట్టి, వాళ్ల శరీరం ఖర్చు చేసే శక్తిని నిక్కచ్చిగా కొలిచారు. వాళ్లు తిన్నామని చెప్పినదానికీ తిన్నదానికీ మధ్య దాదాపు సగానికి సగం తేడా ఉంది. వాళ్లెవరూ అబద్ధాలకోర్లు కారు. తిండిని కంటితో కొలవడం ఎవరికీ చేతకాదు, నాకూ చేతకాదు. ఎసట్లో పోసిన గిద్దెడు, తిరగమోతలో ఒంపిన నూనె, రుచి చూసిన గరిట, ఇవి లెక్కలోకి రావు.

అందుకని ఆవిడని నిన్న ఏం తిన్నారని అడగలేదు. నెలసరి వెచ్చాల చీటీ తెమ్మన్నాను.

మర్నాడు తెచ్చారు. అయిదుగురున్న ఇల్లు. నూనె 8 లీటర్లు, బియ్యం 40 కిలోలు, చక్కెర 4 కిలోలు, కందిపప్పు 2 కిలోలు. ఇద్దరం కూర్చుని భాగహారం చేశాం. అయిదుగురు, ముప్పై రోజులు, అంటే 150 రోజుల తిండి. 8 లీటర్ల నూనె అంటే ఏడు కిలోల పైచిలుకు, మనిషికి రోజుకి దాదాపు 49 గ్రాములు. అది 440 కేలరీలు. బియ్యం మనిషికి 267 గ్రాములు, 900 కేలరీల పైన. చక్కెర 27 గ్రాములు, ఇంకో వంద. కందిపప్పు మాత్రం మనిషికి 13 గ్రాములు! మన భోజనాన్ని పప్పన్నం అంటాం గానీ చీటీ చూస్తే పప్పు పేరుకే. ఇది సగటు లెక్క. నిజానికి ఎవరి వాటా ఎంతో చీటీ చెప్పదు. ఆవిడే చెప్పారు: "పిల్లల కంచాల్లో మిగిలింది పారెయ్యబుద్ధి కాదు మేడమ్, గిన్నెలు తోమేముందు నేనే తినేస్తాను." అంతసేపూ గుర్తురాని పూట అది. రోజుకి రెండుసార్లు.

మీరు కూడా ఈ భాగహారం చేసి చూడండి. ఫోన్లో యాపులక్కర్లేదు. కిరాణా కొట్టు చీటీ అబద్ధమాడదు.

అన్నం పార్టీనా, నూనె పార్టీనా అన్నదానికి నేనిచ్చిన జవాబు రెండు పార్టీలకీ నచ్చలేదు. రెండూ తగ్గించమన్నాను. నూనె 8 లీటర్ల నుంచి 4 లీటర్లకి, ఇంటిల్లిపాదికీ. అన్నం మధ్యాహ్నం ఒక్కపూట, ఒకే గిన్నె, కొలిచి. దాని చోటు ఖాళీగా ఉంచితే సాయంత్రం నాలుగుకల్లా మిక్చరు పొట్లం విప్పుతారు, కాబట్టి పప్పు రెట్టింపు, పూటకో గుడ్డు, వారానికి మూడు రోజులు చేప పులుసు, నూనె తక్కువతో. రాత్రికి చిక్కటి పప్పుచారో పెసల సూపో, కూరగాయలు, మజ్జిగ. మాంసకృత్తులు ఎక్కువైతే ఆకలి కాస్త చెప్పినమాట వింటుంది, బరువు తగ్గేటప్పుడు కండ కరగడమూ తగ్గుతుంది. శాకాహారులకి కచ్చితంగా పిండి మానెయ్యమనడం కష్టం, పప్పులోనూ పిండి ఉంది మరి. అలాంటివాళ్లకి మీల్‌మేకరు, పనీరు, పెరుగు, వేరుశనగలు అని మధ్యేమార్గం వెతుక్కోవాలి.

నెలకోసారి వచ్చి కనిపించమన్నాను. పథ్యం కంటే ఈ రాకపోకలే ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం. నమ్మకమే కాదు, అమెరికాలో 811 మందికి నాలుగు రకాల పథ్యాలు రెండేళ్లు పెట్టి చూసి 2009లో అచ్చువేసిన అధ్యయనంలో నాలుగు పథ్యాలూ ఒకటే ఫలితమిచ్చాయి. సలహా సమావేశాలకి ఎక్కువసార్లు వచ్చినవాళ్లు మాత్రం ఎక్కువ తగ్గారు.

ఆవిడ వచ్చారు. పద్నాలుగు నెలలకి 119. మా కాటా ముల్లు మొదటిసారి ఒక అంకె దగ్గర నిలబడింది. ఆ రోజు ఆవిడ మిషను మీదనుంచి దిగకుండా కాసేపు అలాగే చూస్తూ నిలుచున్నారు. మరుసటి ఏడాది కూతురి పెళ్లి, అత్తగారి జబ్బు. 124కి వచ్చింది.

చుట్టుపక్కలవాళ్లు ఏమన్నారో ఊహించుకోవచ్చు. "నోరు కట్టుకోలేకపోయింది." ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మెల్‌బోర్న్‌లో చేసి 2011లో అచ్చువేసిన అధ్యయనంలో 50 మందికి పది వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, సగటున 13 కిలోలకి పైగా తగ్గించారు. ఏడాది తరవాత రక్తం తీసి చూస్తే ఆకలి పుట్టించే హార్మోన్లు ఇంకా పైనే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా కిందే ఉన్నాయి. అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీ ఒకటి ఉండేది. దాంట్లో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తరవాత మళ్లీ పరీక్షించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు మళ్లీ పెరిగారు. వాళ్ల శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి ఆ బరువుకి ఉండాల్సిన దానికంటే రోజుకి 500 కేలరీలు తక్కువ. అంటే ఒక పూట భోజనమంత. శరీరానికి పెళ్లిముచ్చట్లు తెలియవు, కరువొచ్చిందనుకుంటుంది, కొట్టుకి తాళం వేసుకుంటుంది. దాంతో జీవితాంతం పోట్లాడుతున్న మనిషిని పట్టుకుని నోరు కట్టుకోలేదనడం అన్యాయం.

అలాగని పథ్యం దండగ అనడం లేదు నేను. మోతాదు పెంచితే పథ్యమూ మందులా పనిచేస్తుందని బ్రిటన్‌లో చూపించారు. గ్లాస్గోలో మైక్ లీన్, న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ అనే ఇద్దరు డాక్టర్లు, షుగరు వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ మొదలుపెట్టని 306 మందితో చేశారు. సగం మందికి మామూలు వైద్యం. సగం మందికి మూడు నుంచి అయిదు నెలలు మామూలు తిండి పూర్తిగా ఆపేసి, రోజుకి దాదాపు 850 కేలరీల సూపులు, పాలలాంటి పానీయాలు ఇచ్చారు. మొదటి రోజే షుగరు, బీపీ మాత్రలు ఆపేశారు. ఆ తరవాత మెల్లగా తిండిలోకి తెచ్చారు. ఏడాదికి ఆ జట్టులో 46 శాతం మందికి మాత్రలు లేకుండా షుగరు అదుపులోకి వచ్చింది, మామూలు వైద్యం జట్టులో 4 శాతం. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలోనైతే 86 శాతం. రెండో ఏటికి 46 కాస్తా 36 అయింది, అదీ చెప్పాలి. నేను చూసిన పథ్యాలన్నిటిలో తీవ్ర ఊబకాయానికి తగిన బరువున్న పథ్యం ఇదే. ఇది వంటింటి ప్రయోగం మాత్రం కాదు. నర్సు, డాక్టరు, రక్తపరీక్షలు పక్కనుండి చేయించింది.

తిండి పూర్తిగా ఆపడమంటే నాకు ఇంకో కథ గుర్తొస్తుంది, అదీ స్కాట్లండ్‌దే. 1965లో ఆంగస్ బార్బియరీ అనే కుర్రాడు 207 కిలోలతో డండీ ఆస్పత్రికి వచ్చి ఉపవాసం మొదలుపెట్టాడు. 382 రోజులు! టీ, కాఫీ, సోడానీళ్లు, విటమిన్లు లాంటివే. 82 కిలోలకి దిగాడు, బతికాడు కూడా. ఆయన కథ ఈమధ్య వీడియోల్లో మళ్లీ తిరుగుతోంది. దయచేసి ఎవరూ అనుకరించకండి. ఆయన రక్తాన్నీ మూత్రాన్నీ డాక్టర్లు పరీక్షిస్తూ వచ్చారు. ఆ రోజుల్లో అలాంటి దీర్ఘ ఉపవాసాలు చేసిన మరికొందరు చనిపోయారు.

124 దగ్గర మన ఆవిడ ఆపరేషన్ గురించి అడిగారు. అడగడానికి సిగ్గుపడ్డారు, ఓడిపోయినట్టు. బీఎంఐ 40, 50 దాటినవాళ్లకి ఆపరేషన్ ఓటమి కాదు, వైద్యం. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి గమనించిన లెక్కల్లో, బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు పదేళ్ల తరవాత కూడా పావు వంతు బరువు తగ్గే ఉన్నారు. చేయించుకోనివాళ్ల బరువు దాదాపు మొదలుపెట్టిన చోటే ఉంది. ఇప్పుడు ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. సెమాగ్లుటైడ్ ఏడాదిన్నర లోపు సగటున 15 శాతం, టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదులో 20 శాతం దాకా తగ్గించాయి. 2025లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. వచ్చిన కొత్తలో ఖరీదు సామాన్యుడికి భారంగా ఉండేది. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. రెండింటిలో ఏది చేసినా పథ్యం తప్పదు. తినేది సగమైనప్పుడు ఆ సగంలో మాంసకృత్తులూ విటమిన్లూ ఉండాలి కదా.

మన రాష్ట్రాల సంగతి ఒక్కమాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువో ఊబకాయమో ఉన్న మహిళలు దేశంలో 24 శాతం, తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. ఓపీ గదుల బయట వరస పెరుగుతోందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక ఈ ప్రసంగం విని రేపు పొద్దున్నే అన్నం మానెయ్యాలనుకునేవాళ్లకి ఒక విన్నపం. ముందు మీ మాత్రల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం ఆపితే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకుంటూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే, షుగరు పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి రావచ్చు. బీపీ మాత్రల మోతాదు తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే లేవగానే కళ్లు తిరుగుతాయి. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పక్కింటివాళ్ల పథ్యం అస్సలు పాటించకూడదు.

ఇంకో విన్నపం ఆస్పత్రులు నడిపేవాళ్లకి. రెండు వందల యాభై కిలోల దాకా తూచే కాటాలు బజారులో దొరుకుతున్నాయి. ఒకటి కొని ఓపీలో, తెర చాటున పెట్టండి. మీ ఊరి క్లినిక్కులో ముల్లు 120 దగ్గర ఆగిపోతే, శ్రోతలు కూడా ఊరుకోకుండా అడగండి. ఎవరూ బియ్యం కొట్టుకి వెళ్లి తూయించుకునే అవసరం రాకూడదు.